సైన్యాన్ని తిన్న గుత్తేదారు

ఇవాళ నంద్యాల చుట్టుపక్కల ఇద్దరు కలిస్తే మూడో మాట ఒకటే. ‘అక్కడ సెంటు ఎంత పలుకుతోంది?’ బండి ఆత్మకూరు అయినా, ఆళ్లగడ్డ అయినా, హైవే పక్క ఏ ఊరైనా ఇదే తంతు. నిన్నటిదాకా వరి పండిన మడిలో ఇవాళ సున్నం గీతలు, సిమెంటు రాళ్లు. వాట్సాప్‌లో రంగురంగుల బ్రోచర్. ‘ఇప్పుడు కొంటే రెండేళ్లలో డబుల్’ అని కింద ఒక నంబర్.

ఇదంతా ఈ కాలం జబ్బు అనుకుంటున్నారా? కానే కాదు. రెండు వందల ఏళ్ల కిందట కూడా భూమి మీద జూదం ఆడారు. అప్పుడు దాని వెనక ఇంకో పెద్ద లెక్క ఉండేది. సైన్యానికి జీతం ఎవరివ్వాలి? తిండి ఎవరు పెట్టాలి? ఈ రెండు ప్రశ్నలకూ పాలకులు వెతుక్కున్న జవాబు ఒకటే. భూమి! ఆ జవాబు వల్ల అమెరికాలో ఒక సైన్యం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు మునిగింది. మన రాయలసీమేమో చేతులు మారిపోయింది.

కథ అర్థం కావాలంటే ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. గుత్త. ఒక పనినో, ఒక ఊరి పన్నునో ఇంత సొమ్ముకని మొత్తంగా ఒకడికి అప్పగించడమే గుత్త. తీసుకున్నవాడు గుత్తేదారు. ఇప్పుడు పేపర్లలో కాంట్రాక్టర్‌ని గుత్తేదారు అంటున్నారే, ఆ మాటే ఇది.

1791.. రెండు ఆకలి సైన్యాలు

కారన్‌వాలిస్ పేరు స్కూల్లో చదివే ఉంటారు. 1781లో యార్క్‌టౌన్ దగ్గర జార్జి వాషింగ్టన్ సేనలకు లొంగిపోయిన బ్రిటిష్ జనరల్ ఆయనే. అమెరికా చేజారడంలో ఆఖరి దెబ్బ అది. అంత ఓడిపోయినవాణ్ని ఇంట్లో కూర్చోబెట్టారా? లేదు. 1786లో గవర్నర్ జనరల్‌ని చేసి మన మీదకి పంపారు.

1791లో ఆయన టిప్పు సుల్తాన్ మీద దండెత్తి బెంగళూరు పట్టుకున్నాడు. మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్లాడు. కోట కళ్లముందే ఉంది. ఫిరంగులు కూడా ఉన్నాయి. వాటిని లాగే ఎద్దులు మాత్రం లేవు! మేత లేక, రోగాలొచ్చి వేలకు వేలు చచ్చిపోయాయి. సైనికులకు గింజల్లేవు. చివరికి పెద్ద ఫిరంగుల్ని తన చేతులతోనే పాడుచేయించి వెనక్కి తిరగాల్సి వచ్చింది. దారిలో మరాఠా సైన్యం కలవబట్టి వాళ్ల బజారులో, వాళ్లు చెప్పిన రేటుకి, తిండి కొనుక్కున్నారు. కత్తితో కాదు, కడుపుతో ఓడిపోవడం అంటే ఇదీ.

అక్కడి నుంచి కుంపిణీ ఒక పాఠం నేర్చుకుంది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి బ్రింజారీలను కూడగట్టాడు. బ్రింజారీలంటే ఎవరో కాదు, మన లంబాడీలు. వందలు, వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగే వ్యాపారులు. ఊళ్లలో గింజలు కొని, తమ ఎద్దుల మీద తామే తోలుకొచ్చి, సైన్యం బజారులో అమ్ముకునేవాళ్లు. ఎద్దు చస్తే నష్టం వాళ్లదే. గింజ చేరితేనే డబ్బు. కాబట్టి గింజ చేరేది. 1792లో కారన్‌వాలిస్ మళ్లీ శ్రీరంగపట్నం వెళ్లినప్పుడు టిప్పు సంధికి ఒప్పుకోక తప్పలేదు. సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు పోయాయి. ఆ సగంలో కడప వైపు సీమ నిజాం వాటాకి వచ్చింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సరిగ్గా 1791లోనే, సముద్రాల అవతల కొత్తగా పుట్టిన అమెరికా ఇంకో సైన్యాన్ని పంపింది. ఎక్కడికి? ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న అడవుల్లోకి. ఎందుకు? అక్కడ మయామీ, షానీ లాంటి తెగలు తరతరాలుగా ఉంటున్నాయి. ఆ భూముల్ని ఇక్కడ కాగితాల మీద అప్పటికే అమ్మేశారు!

కాగితం మీద భూమి

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అప్పులతో గెలిచిన యుద్ధం. సైనికులకు ఇవ్వడానికి డబ్బుల్లేవు. ‘ఇదిగో పత్రం, తర్వాత ఇస్తాం’ అన్నారు. కొందరికి భూమి ఇస్తామని పత్రాలు రాసిచ్చారు. పొట్ట గడవని మాజీ సైనికుడు ఆ పత్రాన్ని దాచుకుంటాడా? అగ్గువకు అమ్మేసుకున్నాడు. కొన్నది ఎవరు? ప్రభుత్వం రేపు ఏం చేయబోతోందో ముందే తెలిసిన పెద్దమనుషులు.

వాళ్లలో ఒకడు విలియం డ్యూయర్. కొత్త ప్రభుత్వ ఖజానా శాఖలో మంత్రి హామిల్టన్ కింద సహాయకుడిగా పనిచేశాడు. రెండు చేతులా వ్యాపారం. ఒక చేత్తో సయోటో కంపెనీ. ఒహాయోలో బంగారం లాంటి భూములున్నాయని ప్యారిస్‌లో ఆఫీసు పెట్టి ఫ్రెంచివాళ్లకు అమ్మారు. వందలమంది ఇళ్లూ వాకిళ్లూ వదులుకుని 1790లో ఓడ దిగారు. దిగాక తెలిసింది, కంపెనీకి ఆ భూమి మీద హక్కే లేదని. ఎదురుగా అడవి, చేతిలో చెల్లని కాగితం. ఇప్పటి ఫేక్ వెంచర్లకు తాత ముత్తాత ఇది.

రెండో చేత్తో డ్యూయర్ సైన్యానికి తిండి, సామాన్లు సరఫరా చేసే గుత్త తీసుకున్నాడు. ప్రభుత్వం అడ్వాన్స్ ఇచ్చింది. ఆయన ఆ డబ్బుతో పిండి, మాంసం కొనాలి. కానీ సొమ్ములో చాలా భాగం సొంత జూదంలోకి మళ్లింది. యుద్ధ మంత్రి హెన్రీ నాక్స్ ఎవరనుకున్నారు? మెయిన్ ప్రాంతంలో లక్షల ఎకరాల బేరంలో డ్యూయర్‌కి భాగస్వామి! అంటే సరఫరా చేసేవాడు, సరఫరా జరిగిందా లేదా అని చూడాల్సినవాడు ఒకే బేరంలో ఉన్నారు.

ఫలితం 1791 నవంబర్ 4న కనిపించింది. జనరల్ సెయింట్ క్లెయిర్ సైన్యానికి తిండి ఆలస్యం. మందుగుండు నాసిరకం. గుడారాల్లోకి వాన నీళ్లు. తెల్లవారుజామున లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్ నాయకత్వంలో తెగల యోధులు చుట్టుముట్టారు. కొన్ని గంటల్లోనే 600 మందికి పైగా సైనికులు చచ్చిపోయారు. ఆదివాసీ తెగల చేతిలో అమెరికా సైన్యం తిన్న దెబ్బల్లో ఇంత పెద్దది మళ్లీ లేదు. ప్రభుత్వాన్ని నిలదీస్తూ అమెరికా కాంగ్రెస్ జరిపిన మొట్టమొదటి విచారణ కూడా దీని మీదే. తప్పంతా జనరల్‌ది కాదు, సరఫరాది అని ఆ విచారణలో తేలింది.

ఐదు నెలలు తిరక్కముందే, 1792 మార్చిలో డ్యూయర్ షేర్ల జూదం కుప్పకూలింది. ఆయన్ని నమ్మి అప్పిచ్చిన చిన్న చిన్న దుకాణదారులు, విధవలు కూడా మునిగారు. డ్యూయర్ అప్పుల జైలుకి పోయి, 1799లో చనిపోయేదాకా దాన్నుంచి పూర్తిగా బయటపడలేదు. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సర్దిన మహా వ్యాపారి రాబర్ట్ మోరిస్‌ది కూడా ఇదే దారి. లక్షల లక్షల ఎకరాలు పోగేశాడు. కొనేవాళ్లు రాలేదు. 1798 నుంచి 1801 దాకా అప్పుల జైల్లో గడిపాడు. ఎకరాలు లక్షల్లో ఉన్నా అప్పులవాడు తలుపు కొడితే ఇవ్వడానికి చేతిలో రొక్కం లేదు.

ఈఎంఐ కట్టలేక ఇల్లు రాసిచ్చినట్టు

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

టిప్పు భయం, మరాఠాల భయం ఉన్న హైదరాబాద్ నిజాం తన రక్షణకు కుంపిణీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. సైన్యం ఊరికే ఉండదు కదా. నెలనెలా జీతాలు కట్టాలి. ఈ తలనొప్పి ఎందుకని 1800 అక్టోబర్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. 1792లో, 1799లో టిప్పు నుంచి తన వాటాకి వచ్చిన సీమ మొత్తాన్ని నిజాం కుంపిణీకి ఇచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. ఈఎంఐ కట్టలేక ఇల్లే రాసిచ్చినట్టు. ఈ ప్రాంతానికి ‘దత్త మండలాలు’ అనే పేరు ఇలా వచ్చింది. రాయలసీమ అనే పేరు బాగా వాడుకలోకి వచ్చింది చాలా తర్వాత.

ఆ జిల్లాల రైతుని ఎవరైనా అడిగారా? అడగలేదు. తన జొన్న చేను మీద పన్ను ఇకనుంచి ఏ సైన్యం జీతానికి పోతుందో కూడా ఆయనకు తెలియదు.

ఈ సీమకు పెద్ద కలెక్టర్‌గా వచ్చినవాడు థామస్ మన్రో. కారన్‌వాలిస్ దండయాత్రలో పోరాడిన సైనికుడే. లంబాడీలను కూడగట్టిన అదే రీడ్ దగ్గర పన్నుల పని నేర్చుకున్నాడు. వచ్చేసరికి సీమలో 80 మంది దాకా పాలెగాళ్లున్నారు. వాళ్లకూ సొంత సైన్యాలున్నాయి. ఆ సైన్యాలకు జీతం ఏమిటి? మళ్లీ భూమే! కుంపిణీ దళాలతో పాలెగాళ్లను అణిచేశారు. కొందరికి పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టారు.

తర్వాత మన్రో భూమిని కొలిపించాడు. 33 అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే ఒక గుంట. 40 గుంటలైతే ఎకరం. ఇవాళ ‘గుంట 121 గజాలు’ అని ఫోన్‌లో లెక్క వేసుకుంటున్నారే, ఆ లెక్కే ఈ గొలుసు లెక్క. ప్రతి రైతుతో నేరుగా పన్ను కట్టించుకునే పద్ధతి పెట్టాడు. అదే రైత్వారీ. వినడానికి బాగుంది. పన్ను మాత్రం బరువు. ఆ సంగతి మన్రోకీ తెలుసు. 1807లో వెళ్లిపోతూ, పన్ను పావు వంతు తగ్గించండి అని సిఫార్సు చేశాడు. పైవాళ్లు వినలేదు.

వినకపోగా ఏం చేశారో తెలుసా? 1808 నుంచి ఊళ్లకు ఊళ్లే గుత్తకిచ్చారు. మొదట మూడేళ్లకి, ఆ తర్వాత పదేళ్లకి. ఈ ఊరి పన్ను ఇంత అని సర్కారుకు మాటిచ్చినవాడికి ఊరు అప్పగింత. వాన పడుతుంది, పంట పండుతుంది, లాభం మిగులుతుంది అని ఆశపడి చాలామంది పాడుకున్నారు. ఇది రాయలసీమ బాబూ! వాన మీద పందెం కాసినవాడు ఎవడు బాగుపడ్డాడు? గుత్తేదారులు వరసపెట్టి దివాలా తీశారు. దివాలా తీసేముందు రైతును పిండినంత పిండారు. చివరికి కుంపిణీ మళ్లీ రైత్వారీకే వచ్చింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరై తిరిగొచ్చాకే ఆయన ఎప్పుడో అడిగిన పావు వంతు తగ్గింపు అమలైంది. 1827లో ఇంగ్లండ్ వెళ్లేముందు ఈ సీమను ఒకసారి చూసిపోదామని వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు.

బండి ఆత్మకూరు ఉన్న నంద్యాల వైపు కథ ఇంకో రకం. ఇది అప్పట్లో కర్నూలు నవాబు సీమ. నవాబు ఏటా లక్ష రూపాయలు పేష్కష్ కడితే చాలు, లోపల రాజ్యం ఆయనిష్టం. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో లెక్కకు మించి ఫిరంగులు, మందుగుండు పోగేశాడని 1839లో కుంపిణీ దండెత్తింది. కోటలో దొరికిన ఆయుధాలు చూసి తెల్లవాళ్లే నోరెళ్లబెట్టారు. ఆ ఫిరంగులకు ఇనుము, మందు ఎక్కడివి? నంద్యాల, శిరివెళ్ల రైతు కట్టిన పన్నులోవే. నవాబు పోయాడు, సీమ కుంపిణీది అయింది.

కట్టుబడి భూమి పోతే..

‘సైరా’ సినిమా చూసినవాళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు కొత్త కాదు. సినిమాలో కత్తులు, గుర్రాలు చూశాం. అసలు మంట ఎక్కడ రాజుకుందో చూద్దాం.

పాలెగాళ్ల కాలంలో ఊరి కాపలాకి, అవసరమైతే యుద్ధానికి వచ్చే బంట్రోతులకు ‘కట్టుబడి’ కింద ఇనాం భూములు ఉండేవి. జీతం బదులు భూమి. నామమాత్రం పన్ను. కుంపిణీ సొంత పోలీసు, సొంత సైన్యం పెట్టుకున్నాక వీళ్లతో పనేముంది? పని లేదు కాబట్టి భూములు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. మరి వాళ్ల బతుకు?

నరసింహారెడ్డికి వచ్చే పింఛను నెలకు 11 రూపాయల చిల్లర. ఆయన తాత, నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి కుటుంబానికి ఇచ్చిన పింఛనులో వాటా ఈయనకు దక్కలేదు. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఆయన వెంట నడిచినవాళ్లలో ఈ కట్టుబడి మనుషులు ఎందరో. భూమి పోయినవాళ్లు, పోతుందని భయపడినవాళ్లు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి ఏళ్ల తరబడి అలాగే ఉంచారు.

అమెరికాలో మాజీ సైనికుడి చేతిలో పత్రం పెట్టి, దాన్ని అగ్గువకు జారిపోనిచ్చారు. ఇక్కడ మాజీ బంటు చేతిలోని భూమినే లాక్కున్నారు. దారులు వేరు. ఒట్టి చేతులతో మిగిలింది మాత్రం ఇద్దరూ.

రెండు రూపాయల వడ్డీ

హైదరాబాద్ ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తా. డ్యూయర్ లాంటివాడు మనకు లేడా అంటే, ఆ పాత్రకు దగ్గరగా పామర్ కంపెనీ ఉంది. విలియం పామర్ తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి బేగం. హైదరాబాద్‌లో బ్యాంకు పెట్టి, నిజాం సర్కారుకి అప్పులిచ్చాడు. దేనికి? ఇంగ్లీషు అధికారుల కింద నడిచే నిజాం దళాల జీతాలకి! వడ్డీ ఏడాదికి నూటికి 24, 25 దాకా. మన లెక్కలో రెండు రూపాయల వడ్డీ అన్నమాట. హామీ ఏమిటంటే తాలూకాల పన్ను రాబడి. దివాన్ పని చూసే చందూలాల్ సంతకాలు పెడుతూ పోయాడు.

గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ పెంచిన అమ్మాయిని పెళ్లాడిన సర్ విలియం రంబోల్డ్ ఈ కంపెనీలో భాగస్వామి. ఇక అనుమతులకేం కొదవ? 1820లో 60 లక్షల అప్పు మంజూరైంది. అందులో 8 లక్షలు ‘బోనస్’ అని కంపెనీయే ఉంచుకుందని కొత్త రెసిడెంట్ చార్లెస్ మెట్‌కాఫ్ కనిపెట్టి గోల చేశాడు. చివరికి అప్పు తీర్చడానికి దారి ఏం దొరికింది? ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తాకు, కుంపిణీ నిజాంకి ఏటా కట్టాల్సిన 7 లక్షల పేష్కష్. 1823లో దాన్ని ఒకేసారి 1 కోటి 16 లక్షల పైచిలుకు ఇచ్చి రద్దు చేసుకున్నారు. ఆ సొమ్ముతో పామర్ బాకీ చెల్లింది. మరుసటేడే కంపెనీ దివాలా తీసింది. సైన్యం ఖర్చు మాత్రం ఆగలేదు. దాని బాకీ కిందే 1853లో బేరార్ కూడా నిజాం చేయి దాటిపోయింది.

మనకేంటి?

ఈ కథలన్నిట్లో మూడు సంగతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

ఒకటి, డబ్బు చేతిలో లేనప్పుడు ప్రభుత్వాలు భూమిని చూపిస్తాయి. ‘తర్వాత ఇస్తాం’ అన్న పత్రం రైతు చేతిలోనో, సైనికుడి చేతిలోనో ఉంటే దాని విలువ సగం. అదే పత్రం ముందే కబురు తెలిసినవాడి చేతికి వెళ్తే రెట్టింపు. కొత్త రోడ్డు, కొత్త కాలువ, కొత్త రాజధాని అని వార్త మన ఫోన్‌కి వచ్చేసరికి చుట్టుపక్కల పొలాలు ఎప్పుడో చేతులు మారి ఉంటాయి. దీని అర్థం ఇప్పటికైనా అయిందా?

రెండు, నష్టం ఎవరిదో అక్కడే బాధ్యత ఉంటుంది. ఎద్దు చస్తే నష్టం లంబాడీది, అందుకే గింజ చేరింది. డ్యూయర్‌కి డబ్బు ముందే ముట్టింది, అందుకే పిండి చేరలేదు. ఏ పనిలోనైనా గుత్తేదారుని నమ్మేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. పని చెడితే పోయేది ఆయన సొమ్మా, మనదా?

మూడు, ప్యారిస్‌లో బ్రోచర్ చూసి భూమి కొన్నవాళ్లు మూర్ఖులేం కాదు. చదువుకున్నవాళ్లే. వాళ్లు చూడనిదల్లా ఒకటి, అమ్మేవాడిది ఆ భూమి అవునా కాదా అని. మనకు ఈసీ ఉంది, లేఅవుట్ అనుమతి ఉంది, రెరా నంబర్ ఉంది. అడ్వాన్స్ కొట్టేముందు ఒక పూట కూర్చుని ఈ మూడూ చూసుకోవచ్చు. ఆ పూట కూడా ఇవ్వకుండా ‘ఇవాళే లాస్ట్ డేట్’ అని తొందరపెడితే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఈసారి ఎవరైనా ‘గుంట ఎంత?’ అని అడిగితే ఆ 33 అడుగుల గొలుసుని ఒకసారి తలుచుకోండి. భూమి రేటు ఎంతో కనుక్కోవడానికి కాదు దాన్ని లాగింది. ఒక సైన్యం జీతంలో ఈ రైతు వాటా ఎంతో తేల్చడానికి.